మంత్రాల బడిలో గువ్వ

కర్నూలు
జనవరి, 1954

ఒరే లేవీ,

నీకు జాబు రాసి ఏడాది దాటింది. ఈపాటికి తిట్టవలసినవన్నీ తిట్టి ఉంటావు కాబట్టి క్షమాపణలతో కాగితం నింపను.

మన కర్నూలు రాజధాని అయిన సంగతి కడపకూ తెలిసే ఉంటుంది. పేరుకు రాజధాని, చూడటానికి జాతర. కొండారెడ్డి బురుజు ఎక్కి ఎటు చూసినా డేరాలే. ఆఫీసర్లు డేరాల్లో కూర్చుని సంతకాలు పెడుతుంటారు. గాలిదుమారం లేస్తే బంట్రోతులు కాగితాల వెంట తుంగభద్ర దాకా పరిగెత్తుతుంటారు. కోస్తా నుంచి గుమాస్తాలు పిల్లాజెల్లాతో వచ్చి పడ్డారు. ఆ పిల్లలకు ఇక్కడ ఎండా దుమ్మూ తప్ప తోచుబాటు లేదు.

నేను ఇంకా గిడ్డయ్య గారి ప్రెస్సులోనే ప్రూఫులు దిద్దుతున్నాను. పంతులు పని మానినందుకూ, పత్తికొండలో సేద్యం చూసుకోనందుకూ మా నాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. మొన్న గిడ్డయ్య గారు పిలిచి, "శీనప్పా, ఈ పిల్లోల్లకు సదువుకునేదానికి ఏమీ ల్యాదు. బొమ్మల కథ ఒకటి ఎయ్యి, నెలకొక పుస్తకం. బొమ్మలు శానా ఉండల్ల, రాత తక్కువుండల్ల" అన్నారు.

నాకు అప్పటికప్పుడే తట్టింది. పిల్లలకు మంత్రాలు నేర్పే బడి! ఆత్మకూరు దాటి నల్లమలలోకి పోతే ఒక కొండ, ఆ కొండ కడుపులో బడి. నడిపేది నీలవ్వ అనే ముసలమ్మ. అక్కడ ఎక్కాలకు బదులు మంత్రాలు. తప్పు చదివితే బెత్తం దెబ్బలుండవు, ముక్కు వంకాయంత అయి సాయంత్రం దాకా అట్లాగే ఉంటుంది. ఉదయసేనుడనే రాజకుమారుడు, మంత్రి కొడుకు, షావుకారు కొడుకు, ఇట్లా పిల్లలు. పుస్తకం పేరు 'మంత్రాల బడి'.

బొమ్మలు ఎవరు వేయాలని నేను ఆలోచించలేదు. ట్రైనింగు స్కూల్లో నల్లబల్ల మీద హెడ్మాస్టరు గారిని గాడిద ఎక్కించి, ఆ దెబ్బలు నాకు తినిపించిన చెయ్యి ఒకటే నాకు తెలుసు. మొదటి భాగం ఇందులో పెట్టాను. కాదనకు.

నీ
శ్రీనివాసులు


కడప
ఫిబ్రవరి, 1954

శీనా,

తిట్టిన మాట నిజమే. కథ చదివాక కొన్ని వెనక్కి తీసుకున్నాను. ఆ ముక్కు బొమ్మ మీద ఎన్ని కాగితాలు పాడుచేశానో! వంకాయ అంటే ఏ వంకాయ? గుండ్రటిదా, పొడుగుదా? రాసేవాడు ఒక్క మాట రాసి పోతాడు, అవస్థంతా గీసేవాడిది. పొడుగుదే వేశాను. చూస్తే నవ్వొస్తుంది.

మా అక్క రత్నమణిని మరిచిపోయి ఉండవు. ట్రైనింగులో ఉన్నప్పుడు ఆమె జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ మూటకట్టి పంపితే నాకంటే ముందు నువ్వే విప్పేవాడివి. బావ పోయాక ఆమె కమలాపురం పక్కన మా పల్లెలోనే కూలికి పోతోంది. అక్కడ బడి మూడో తరగతి దాకే. అందుకని ఆమె కూతురు జీవమ్మను ఇక్కడ నా ఇంట్లో ఉంచుకుని, నేను పనిచేసే మిషను బడిలోనే చదివిస్తున్నాను. ఇప్పుడు నాలుగు. నేను బొమ్మ వేస్తుంటే నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తుంది.

నిన్న అడిగింది: "మామా, ఈ బళ్లో అందరూ మగపిల్లోల్లేనా? ఆడపిల్లోల్లకు మంత్రాలు రావా?"

"కథలో లేరే" అన్నాను.

"కథలో ల్యాకుంటే బొమ్మలో ఎయ్యి. ఆ రాసే యప్పకేం తెలుస్తాది?"

బడి వాకిలి దగ్గర కాస్త చోటు మిగిలింది. అక్కడ, గడప బయట మోకాళ్లు కౌగిలించుకుని లోపలికి చూస్తున్న ఒక పిల్లను వేశాను. జీవమ్మ కూర్చునే తీరే అది. నచ్చకపోతే చెప్పు, చెరిపేస్తాను.

లేవి


కర్నూలు
జూలై, 1954

లేవీ,

చెరపడమా! ఆ పిల్లే మన పుస్తకాన్ని నిలబెట్టింది. ప్రెస్సుకు పిల్లల కార్డులు కుప్పలుగా వస్తున్నాయి. రాజకుమారుడి సంగతి ఒక్కడూ అడగడు. 'గడప బయట కూర్చున్న పిల్ల ఎవరు? అవ్వ ఎందుకు లోపలికి పిలవదు?' అందరిదీ ఇదే ప్రశ్న. ఒక గడుగ్గాయి అయితే, 'వచ్చే నెల కూడా ఆ పిల్ల బయటే ఉంటే నేను అన్నం తినను, పాపం మీకు' అని రాశాడు.

ఇక రాయక తప్పుతుందా? ఆ పిల్లకు గువ్వ అని పేరు పెట్టాను. ఈ భాగంలో బడి బావి ఎండిపోతుంది. నీళ్ల మంత్రం చదవమంటే రాజకుమారుడికి రాదు, మంత్రి కొడుకు సగంలో మరిచిపోతాడు, షావుకారు కొడుకు చదివితే బావిలోంచి కప్పలు వస్తాయి. అప్పుడు గడప బయట నుంచి సన్నని గొంతు మంత్రం మొత్తం అప్పజెబుతుంది. నీళ్లు గిలకదాకా పొంగుతాయి. నీలవ్వ లేచి వచ్చి, "ఇన్నాళ్లూ బయట కూర్చుని నేర్చుకున్నావా తల్లీ? లోపలికి రా" అంటుంది.

ఇది రాస్తున్నప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయంటే నవ్వుతావు. నవ్వుకో. ఇంత మంచి మాట నేను ఇదివరకు రాయలేదు.

నీ
శ్రీనివాసులు


కడప
ఆగస్టు, 1954

శీనా,

నవ్వలేదు.

పుస్తకం వచ్చిన సాయంత్రం జీవమ్మ మా పేటలో అరుగు మీద కూర్చుని గట్టిగా చదివింది. పనుల నుంచి వచ్చిన ఆడవాళ్లు తట్టలు దించి నిలబడ్డారు. జీవమ్మ 'లోపలికి రా' అనే మాట రెండుసార్లు చదివి పుస్తకం మూసింది. ఒక ముసలామె, "అంతేనా? అయిపోయినాదా? మల్లా సదువు" అని మొత్తం తిరిగి చదివించింది.

అక్క కూడా ఆ రోజు ఇక్కడే ఉంది. నీకు చెప్పలేదు గాని, ఆమె వచ్చింది పిల్లను పల్లెకు తీసుకుపోవడానికి. ఎట్లాగూ అయిదుతో ఆగే చదువే గదా, చెనిక్కాయలు పీకేదానికి ఇప్పుడే చేతులు కావాలని ఆమె పట్టు. మా మిషను బడి అయిదుతో ఆఖరు. ఆరో తరగతికి ఊళ్లోని పెద్ద బడికి పోవాలి. అక్కడ మా పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, దాదాపు లేరు. అదే అక్క భయం.

మరునాడు మూట సర్దుకుంటూ, "సరేలే, ఆ పెద్ద బళ్లో కూడా సదవనీ. ఎవురో ఒకరు లోపలికి పిల్సకుండా ఉంటారా" అంది. ఒక్కతే వెళ్లింది. శీనా, ఏడాదిగా నేను చెప్పి చెప్పి అలిసిపోయిన సంగతి ఇది. నీ కథ ఒక్క సాయంత్రంలో సాధించింది.

గువ్వ ఎవరి బిడ్డో నువ్వు రాయలేదు. అది మంచిదే. నేను మాత్రం ఆమె ఇల్లు ఊరి బయట వేశాను. మా పేట ఆడవాళ్లు ఒక్క చూపులో పోల్చుకున్నారు, "మన బిడ్డే" అని. దసరా భాగానికి ఒక బొమ్మ అనుకున్నాను. గువ్వ బావిలో నీళ్లు తోడి పోస్తుంటే ఉదయసేనుడు దోసిలి పట్టి తాగుతున్నాడు. నీకు అభ్యంతరమైతే ముందే చెప్పు.

లేవి


కర్నూలు
డిసెంబరు, 1954

ప్రియమైన లేవికి,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. శాసనసభ ఎన్నికల కాగితాలు నెత్తిమీద పడి ఊపిరాడటం లేదు. బావి బొమ్మ బాగా వచ్చింది. అందరూ చూశారు.

నాకొక మంచి ఆలోచన తట్టింది. గువ్వ అసలు రాజు కూతురనుకో. పురిట్లోనే ఎవరో దుర్మార్గుడు శపించి అడవిలో వదిలాడు, పేదవాళ్లు పెంచారు. ఉదయసేనుడికి స్వయానా చెల్లెలు. ఈ రహస్యం బయటపడితే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఇకనుంచి ఆమెకు కాస్త మంచి పరికిణీ, మెడలో ముత్యాల పేరు వేస్తే, కథ అటు పోతోందని ముందే తెలుస్తుంది. ఆ ఊరి బయట ఇల్లు కూడా ఇక చూపించనక్కర్లేదు.

ఇది కేవలం కథ రక్తికట్టడం కోసమే. జీవమ్మకు నా ఆశీస్సులు.

శ్రీనివాసులు


కడప
జనవరి, 1955

శీనా,

నీ జాబు రెండుసార్లు చదివాను. నీ గొంతులా లేదు.

గువ్వ రాజు కూతురైతే ఆ నీళ్ల మంత్రం ఆమె నేర్చుకున్నది కాదు, రాజరక్తానికి వచ్చినది. ఎండలో బయట కూర్చుని విన్నదంతా వృథా. మరి బడి ఎందుకు? రాజుల ఇళ్లలో పుడితే సరిపోతుంది గదా.

జీవమ్మకు చెప్పి చూశాను. బావి బొమ్మ తీసి చూసింది. తర్వాత, "రాజు కూతురైతే నాకేం మామా? ఆ పిల్ల వేరే, నేను వేరే" అని పలక తీసుకుని లోపలికి పోయింది.

నేను ముత్యాల పేరు వేయను. కోపంతో కాదు, నాకు చేతకాదు. ఎవరేమన్నారో చెప్పు. గిడ్డయ్య గారా? మనమధ్య దాపరికం దేనికి?

లేవి


కర్నూలు
మార్చి, 1955

లేవీ,

దాచి ప్రయోజనం లేదు. గొడవ ఆ బావి బొమ్మతో మొదలైంది. ఊళ్లలో పెద్దరైతులు తమ బడులకూ గ్రంథాలయాలకూ మన పుస్తకం తెప్పించేవారు. దసరా తర్వాత కట్టలు విప్పకుండానే తిప్పి పంపారు. గిడ్డయ్య గారు నన్ను పిలిచి, ఆ పిల్లను రాజు కూతుర్నయినా చెయ్యమన్నారు, కథలోంచి తీసెయ్యనైనా తీసెయ్యమన్నారు.

ఆయన మాటైతే తోసేసేవాణ్ణేమో. కిందటి వారం మా నాయన ప్రెస్సుకు వచ్చాడు. ఇన్నేళ్లకు నాతో మాట్లాడాడు. ఏమన్నాడో విను.

"ఏమప్పా, రైతు కడుపున పుట్టి ఇదా నువ్వు రాసేది? ఆ పిల్ల ఎవురో ఊరంతా సెప్పుకుంటాండారు. దాని చేతి నీళ్లు రాజు బిడ్డ తాగినాడా?"

"కథ నాయనా" అన్నాను.

"కథయితే మాత్రం? సదివేది మన పిల్లోల్లు గాదా? నలుగుట్లో నేను తలెత్తుకోని తిరగల్లనా, వద్దా?"

ఆయన బాగా ముసలివాడైపోయాడు లేవీ. నేను ఎదురుచెప్పలేకపోయాను.

ఒక దారి ఆలోచించాను. పన్నెండో భాగంలో గువ్వ తనంతట తానే, పెద్ద మంత్రం సాధించడానికి అడవికి పోతుంది. ఎవరూ పొమ్మనరు. అందరూ ఏడుస్తూ సాగనంపుతారు. గొడవ చల్లారాక తిరిగి తెద్దాం. రాత ఇందులో ఉంది. ఈ ఒక్కసారికి నా మాట విని బొమ్మలు వెయ్యి.

నీ
శ్రీనివాసులు


కడప
మార్చి, 1955

శీనా,

మీ నాయన సంగతి అర్థమైంది. నీ స్థితిలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. కాని గువ్వ గడప దాటి బయటికి పోయే బొమ్మ నేను వేయను.

ఒకటి అడుగుతాను. కథ ఆపెయ్. వచ్చే నెలకే బడి మూసెయ్. పిల్లలందరికీ చదువు పూర్తయిందని రాసి, అందరినీ ఒకే బొమ్మలో నీలవ్వ చుట్టూ నిలబెడదాం. ఆ బొమ్మ ఎంత కష్టమైనా వేసిస్తాను. బడి మూస్తే పిల్లలు మరిచిపోతారు. పిల్లను బయటికి పంపితే మరిచిపోరు.

అదీ కుదరదంటే జూన్ దాటేదాకా ఆగు. జీవమ్మ పెద్ద బడిలో చేరి కాస్త కుదురుకోనీ. రోజూ నీ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటోంది. నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను.

లేవి


కర్నూలు
మే, 1955

ప్రియమైన లేవికి,

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. డేరాల్లో మనుషులు ఉడికిపోతున్నారు. పన్నెండో భాగం వచ్చింది. నువ్వు తీరిక లేదన్నావు కాబట్టి బొమ్మలు గిడ్డయ్య గారు మద్రాసు నుంచి తెప్పించారు. నీ బొమ్మల ముందు అవి దేనికీ పనికిరావు. ప్రతి పంపుదామంటే ఇక్కడ ఒక్కటీ మిగల్లేదు. కంగారు పడవలసిందేమీ లేదు, గువ్వ కొన్నాళ్లు అడవికి పోయింది, అంతే.

మా నాయన ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. నెలకోసారి వచ్చి పోతున్నాడు.

జీవమ్మ పెద్ద బడిలో చేరబోతోంది గదా, బాగా చదువుకోమని చెప్పు.

శ్రీనివాసులు


కడప
జూన్, 1955

శ్రీ శ్రీనివాసులు గారికి,

లేవి నమస్కారములు.

పన్నెండో భాగం ప్రతులు మిగల్లేదని రాశారు. కడప రైల్వే స్టేషనులో కావలసినన్ని ఉన్నాయి. తీరిక లేదని నేను ఎప్పుడూ అనలేదు.

గువ్వ తనంతట తాను అడవికి పోతుందని చెప్పారు. అచ్చులో అట్లా లేదు. నీలవ్వ వాకిలి వైపు వేలు చూపించి, "గువ్వా, ఈ బడి నీలాంటివాళ్లకు కాదు. వచ్చిన దోవనే పో" అంటోంది. అవి ఎవరి మాటలో నాకు తెలియదు. అట్టమీద మీ పేరుంది.

జరిగింది చెబుతాను. పెద్ద బడి తెరిచిన రోజే మా బడీ తెరిచారు. నేను సెలవు పెట్టి వెంట పోలేదు. కొత్త పరికిణీ కట్టుకుని జీవమ్మ ఒక్కతే పోయింది. అయ్యవారు మంచివాడే. పేరు రాసుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడట. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యలో ఆటకు వదిలినప్పుడు పిల్లల చేతుల్లో ఆ పుస్తకం ఉంది, పాత భాగాలూ ఉన్నాయి. ఒకడు పుస్తకం చూశాడు, జీవమ్మను చూశాడు. "రేయ్, ఈ పిల్ల అచ్చం గువ్వ మాదిరే ఉండాదిరా!" అన్నాడు. ఆ పోలిక నా చేతి పని. నేను ఆమెను చూసి వేయకపోయి ఉంటే వాళ్లు పోల్చుకునేవారు కాదు. తర్వాత అందరూ చుట్టూ చేరి నీలవ్వ మాటలు ఒకే గొంతుతో చదివారట.

ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది. నేను వచ్చి అడిగితే, "వాల్లేం కొట్టలేదు మామా. పుస్తకంలో ఉండేదే సదివినారు" అంది.

మరునాడు పోలేదు. బతిమాలాను. అయ్యవారే ఇంటికి వచ్చి పిలిచాడు. "కొత్తోల్లు పొమ్మంటే ఓర్సుకుందును. అవ్వే పొమ్మనింది గదా" అంటుంది, అంతే. అది కథ అని నేను చెప్పాను. కాని లోపలికి పిలిచినప్పుడు కథ అని చెప్పలేదే. అప్పుడు నిజమేనన్నట్టు మురిసిపోయాను. ఇప్పుడు చెబితే నమ్ముతుందా?

అక్క వచ్చి పల్లెకు తీసుకుపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. పోతూ పోతూ, "నువ్వు సదువుకున్నోడివి, నీకు ఇది కొత్త. నాకు కొత్త గాదు" అంది.

మీ పుస్తకానికి ఇకమీదట నేను బొమ్మలు వేయజాలను.

ఇట్లు
బి. లేవి


కర్నూలు
జూలై, 1955

లేవీ,

'గారు' అన్నావు. చెప్పుతో కొట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ మాటలు నావి కావు. గిడ్డయ్య గారు మార్చారు, కథలోంచి పిల్ల పోయిందని రైతులకు గట్టిగా తెలియాలని. కాని ప్రూఫు నా చేతికే వచ్చింది. కలం నా చేతిలోనే ఉంది. బయట బల్ల మీద మా నాయన కూర్చుని, నాతో భోజనానికి పోవాలని ఎదురుచూస్తున్నాడు. నేను అక్షర దోషాలు దిద్ది పంపేశాను. ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నేను కడపకు వస్తాను. ఆ బడి అయ్యవారితో మాట్లాడతాను. పిల్ల కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఒక్క కార్డు ముక్క రాయి, రమ్మని.

నీ
శ్రీనివాసులు


కర్నూలు
నవంబరు, 1956

లేవీ,

ఏడాదికి పైగా నీ జవాబు కోసం చూశాను. మధ్యలో రాసిన జాబులు నీకు చేరాయనే అనుకుంటున్నాను. ఒకటీ తిరిగి రాలేదు.

రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు పీకేశారు, గుంజలు పాతిన గుంటలు మిగిలాయి. పనులు లేక గిడ్డయ్య గారు ప్రెస్సు సగం మూశారు. 'మంత్రాల బడి' ఎప్పుడో ఆగింది. గువ్వ పోయాక పిల్లలు నెమ్మదిగా కొనడం మానేశారు. పత్తికొండ తాలూకాలో ఒక పల్లెకు పంతులుగా వేశారు, పోతున్నాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. కిందటి వారం మీ పల్లెకు పోయాను. గువ్వ తిరిగి వచ్చే భాగం రాసి పెట్టుకుని, దాన్ని జీవమ్మకు చదివి వినిపించాలని.

చెనిక్కాయల చేలో ఉన్నారు. రత్నమణక్క నన్ను గుర్తుపట్టింది. "ఎండన పడి వచ్చినావే అప్పా, నీడకు రా" అంది. ఆ మాటకే నాకు తల వంగిపోయింది. జీవమ్మ పొడుగైంది. మొక్క పీకి మన్ను దులుపుతూనే నన్ను చూసింది.

"కథ రాసే అయ్యవు నువ్వేనా?"

"అవునమ్మా."

"మామ నన్ను జూసి బొమ్మేసినాడు. ఆ బొమ్మను జూసి నువ్వు రాసినావు. బయటికి పంపేటప్పుడు ఎవుర్ని జూసి రాసినావు?"

మా నాయనను చూసి రాశానమ్మా అని చెప్పవలసింది. ఆ మాట కమలాపురం స్టేషనులో రైలెక్కాక నోటికొచ్చింది.

తెచ్చింది చదువుతానన్నాను. సరేనంది. పని ఆపలేదు గాని విన్నది. గువ్వ పెద్ద మంత్రగత్తె అయి తిరిగి వస్తుంది, నీలవ్వ క్షమాపణ చెప్పి తన పీట మీదే కూర్చోబెడుతుంది. ముగించాక, "బాగుండాది" అంది. "చిన్నపిల్లోల్లు ఇష్టపడతారు. బొమ్మల్లేకుంటే సదవరు, మామ దగ్గర ఏపించుకో."

తన సంగతి అడిగాను, మళ్లీ బడికి పోతావా అని. "ఆరో తరగతిలో ఇప్పుడు నా అంత పిల్ల యాడ కూచుంటాది?" అని నవ్వి, పక్క సాలులోకి పోయింది.

లేవీ, ఆమే వేయించుకోమంది. రాత ఇందులో పెట్టాను. బొమ్మలు వెయ్యి. అచ్చు సంగతి నేను చూసుకుంటాను, మా నాయన ఏమన్నా సరే.

నీ
శ్రీనివాసులు


కడప
డిసెంబరు, 1956

శ్రీనివాసులు గారికి,

మీరు పల్లెకు వచ్చిన సంగతి అక్క చెప్పింది. "ఆ యప్ప శానా సిక్కిపోయినాడు, కడుపుకు తింటాండాడో లేదో" అని బాధపడింది. ఆమె అట్లాంటి మనిషి. జాబులన్నీ చేరాయి. జవాబు రాయలేక కాదు, ఏమి రాసినా మిమ్మల్ని నొప్పించడానికో, నన్ను సమర్థించుకోవడానికో అవుతుందని ఊరుకున్నాను.

మీ నాన్నగారు బయట కూర్చున్నారని రాశారు. జీవమ్మ పెద్ద బడికి పోయిన రోజు నేనూ సెలవు అడగడానికి జంకాను. బడి తెరిచే రోజు సెలవేమిటని మా మేనేజరు గారు కసురుకుంటారని. వెంట ఉండి ఉంటే ఆ పిల్లల నోళ్లు మూయించేవాణ్ణో, చెయ్యి పట్టుకుని తిరిగి బెంచీ మీద కూర్చోబెట్టేవాణ్ణో. మీ ఒక్కరి మీదే నెట్టి తప్పుకోలేను.

జీవమ్మకు సంబంధం కుదిరింది. ఎర్రగుంట్ల బండల గనిలో పనిచేసే ఏసేపు. మంచివాడేనంటున్నారు. ఇంకో రెండేళ్లు ఆగమని నేను అక్కతో పోట్లాడాను. "ఆగి ఏం జేస్తాది?" అంది. జీవమ్మను అడిగితే, "మామా, నువ్వు బాధపడొద్దు" అని నన్నే ఓదార్చింది. పదమూడేళ్ల పిల్ల చేత ఓదార్పు మాటలు చెప్పించుకున్నాను.

మీ రాత చదివాను. బాగుంది. మీకు ఎప్పుడూ చెయ్యి తిరిగినదే. బొమ్మలు వేయడానికి కూర్చున్నాను కూడా. కొండ వేశాను, వాకిలి వేశాను, నీలవ్వను వేశాను. అక్కడ ఆపేశాను. కథలో ఆమెను తిరిగి బడికి తెచ్చి మీరూ నేనూ హమ్మయ్య అనుకుంటాం. ఆమె మాత్రం చేలోనే ఉంటుంది. ఆ హమ్మయ్య నాకు వద్దు. అందుకని రాతప్రతి తిప్పి పంపుతున్నాను. మరొకరి చేత వేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. పిల్లలు చదువుకుంటారు.

పంతులు పనికి పోతున్నారు గదా. మీరు మంచి పంతులవుతారు. పిల్లలకు కథలు చెప్పడం మీకు తెలుసు.

మీరు అని రాయడం నాకూ కష్టంగానే ఉంది. నువ్వు అని రాయబోతే చెయ్యి సాగడం లేదు. నాకు జాబు రాయవద్దని అనను. రాస్తే చదువుతాను. జవాబు కోసం మాత్రం చూడకండి.

బి. లేవి